ఈత కల్లు, బీరు, బ్రాందీ: నా కాళ్ల మీద ఎనిమిది నెలల పరీక్ష

కల్లు తాగితే కాళ్ల బిగుతు తగ్గుతుందా అని ఫిజియోథెరపీ కేంద్రంలో నన్ను ఇప్పటికి నలుగురు అడిగారు. ముగ్గురికి పక్షవాతం, నాలుగో ఆమెకు నాకున్న నరాల జబ్బే, మల్టిపుల్ స్క్లెరోసిస్. వ్యాయామానికి వంతు వచ్చేలోగా వరండాలో కూర్చుని చెప్పగలిగిన సంగతి కాదిది. తగ్గుతుందంటే సగమే నిజం, తగ్గదన్నా సగమే నిజం. అందుకే నోటుపుస్తకం ముందు పెట్టుకుని మొత్తం రాస్తున్నాను. ఈత కల్లు, బీరు, బ్రాందీ, చివరికి దారిపక్క అమ్మే కల్లు కూడా. ఏది నా కాళ్లకు ఎంత మేలు చేసిందో, బదులుగా ఏమి తీసుకుందో అంతా ఇందులో ఉంది.

నాది హనుమకొండ. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. వయసు 42. మాది గౌడ కుటుంబం. వర్ధన్నపేట దాటి రాయపర్తి వైపు వెళ్లే దారిలో, రోడ్డు నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు పోతే వచ్చే ఊరిలో మా మేనమామ ఈనాటికీ మోకు భుజాన వేసుకుని చెట్టెక్కుతాడు. తండ్రి లేని నన్ను చదివించింది ఆయన గీసిన చెట్లే. కల్లంటే నాకు చిన్నచూపు లేదు. తాగేవాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు, తాగమని చెప్పడానికీ కాదు.

2016 బతుకమ్మ పండుగకు పూలు పేరుస్తుంటే నా కుడికంటిలో ఎరుపు వెలిసిపోయింది. తంగేడు పసుపు ఎప్పటిలాగే ఉంది. రంగు అద్దిన గునుగు పూలు మాత్రం ఎడమకంటితో చూస్తే ఎర్రగా, కుడికంటితో చూస్తే పాత ఇటుకలా కనిపించాయి. కన్ను తిప్పితే లోపల నొప్పి. కంటినరం వాచిందని చెప్పి ఐదు రోజుల పాటు రోజుకొక గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ సెలైన్‌లో ఎక్కించారు. చూపు తిరిగి వచ్చింది. మూడేళ్ల తర్వాత నడుము కింది భాగమంతా మొద్దుబారింది. ఈసారి మళ్లీ ఎమ్మారై తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల మీద ఉండే మైలిన్ అనే కొవ్వు పొరను తినేసే జబ్బు ఇది. పొర పోయిన చోట మెదడు పంపిన కబురు నెమ్మదిస్తుంది, ఒక్కోసారి దారిలోనే ఆగిపోతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. చాలామందికి ఇరవై, నలభై ఏళ్ల మధ్యలోనే బయటపడుతుంది.

నా కష్టమంతా పొద్దు వాలాక. బడిలో ఐదో పీరియడు నుంచే కాళ్లు బరువెక్కుతాయి. రాత్రి పడుకున్నాక పిక్కలు రాయిలా గట్టిపడతాయి, పాదం ముందుకు సాగిపోతుంది, మోకాలు వంచుదామన్నా వంగదు. ఎవరైనా పాదాన్ని పట్టుకుని మెల్లగా పైకి వంచితే గాని ఆ పట్టు వదలదు. దీనికి బాక్లోఫెన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకుంటాను. జబ్బు తిరగబెట్టకుండా టెరిఫ్లునొమైడ్ 14 మిల్లీగ్రాములు రోజుకొకటి. ఈ రెండు మాత్రల పేర్లూ మళ్లీ వస్తాయి.

2023 దసరా నాడు జమ్మి ఆకు పంచుకుని వచ్చాక మామయ్య ఆ ఏటి తొలి ఈత కల్లు తెచ్చాడు. చిన్నప్పుడు పండుగలకు ఒక గుక్క తాగడమే గాని పెద్దయ్యాక నేను ముట్టలేదు. “ఒంటికి చలువ చేస్తుంది, తాగు బిడ్డా” అని అత్తమ్మ స్టీలు గ్లాసు చేతికిచ్చింది. రెండు గ్లాసులు తాగాను. ఆ సాయంత్రం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే నాకు కాళ్లున్నాయన్న ధ్యాసే లేదు. ఈ మాట జబ్బు లేనివాళ్లకు చిన్నదిగా అనిపించవచ్చు. నాలుగేళ్లుగా నిమిషం నిమిషం కాళ్లను మోస్తున్న మనిషికి అవి గుర్తుకు రాకపోవడం ఎంత పెద్ద సుఖమో నాకు తెలుసు. కన్నీళ్లు ఆగలేదు. ఏమైందోనని అత్తమ్మ కంగారు పడింది.

మర్నాడే నోటుపుస్తకం మొదలుపెట్టాను. తాగిన వేళ, తాగిన కొలత, తాగే ముందు బిగుతు పదికి ఎంత, అరగంటకు ఎంత, రెండు గంటలకు ఎంత, రాత్రి ఎన్నిసార్లు లేచాను, తూలానా, పడ్డానా. మే నెలాఖరు దాకా ఒక్క వరుస కూడా ఖాళీ వదలలేదు. ఇది ఒక్క మనిషి లెక్క, పరిశోధన కాదు. ఈ జబ్బుకు మద్యం మందని ఏ వైద్య మార్గదర్శకమూ చెప్పదు. ఆ సంగతి అప్పుడూ తెలుసు. అయినా కాళ్లు నావి, రాత్రులు నావి, తెలుసుకోవాలనిపించింది.

మామయ్య మండువా, అంటే కల్లు దించి పోసే చోటు, నిజంగా బాగుంటుంది. చెరువు కట్ట దిగితే ఈత చెట్లు, వాటి వెనుక తాళ్లు, మధ్యలో తాటాకుల పందిరి. పందిరి కింద అత్తమ్మ ఉడికించిన అలసంద గుడాలు, పైన తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప. తాగేవాళ్లు గొంతుక్కూర్చుని తాటాకు రేక రెండు చేతులా పట్టుకుంటే మామయ్య లొట్టి, అంటే కల్లు కుండ, వంచి పోస్తాడు. నా వేళ్లకు మొద్దు ఉంది కనుక రేక నిలకడగా పట్టుకోలేను. నాకోసం ఒక కుర్చీ, ఒక గ్లాసు ఎప్పుడూ విడిగా ఉంటాయి. డబ్బు తీసుకోడు. చలికాలమంతా ఈత కల్లు, సంక్రాంతి దాటాక మెల్లగా తాటి కల్లు. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరే. లొట్టిలో పట్టి ఉన్న పాత మడ్డిలోని ఈస్టు తగలగానే పులియడం మొదలవుతుంది. తెల్లవారుజామున దించింది ఉదయానికి తీపిగా నాలుకకు చిటపటలాడుతుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులుపు. పులిసిన కల్లులో ఆల్కహాలు సుమారు నాలుగైదు శాతం, అంటే దాదాపు బీరుతో సమానం. రుచికి నేను పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. ఆ ఒక్క మార్కూ ఎండాకాలం మధ్యాహ్నపు పులుపుకు తగ్గించాను.

కాళ్ల విషయానికి వస్తే, రెండు గ్లాసులు తాగిన అరగంటకు బిగుతు ఏడు నుంచి నాలుగుకు దిగేది. ఇంచుమించు ప్రతిసారీ అంతే. అది గంటన్నర నిలిచేది. తర్వాత మళ్లీ ఏడు, కొన్ని రోజులు ఎనిమిది. ఆ గంటన్నరలో ఒక విచిత్రం గమనించాను. కాళ్లు వదులయ్యేవి గాని నడక బాగుపడేది కాదు. పైగా చెడేది. నా జబ్బులో కాళ్లకు బలం తక్కువ. లేచి నిలబడినప్పుడు నన్ను కొంతవరకు నిలబెట్టేది ఆ బిగుతే. అది ఒక్కసారి వదిలితే మోకాళ్లు మడత పడతాయి. అసలే నా చిన్నమెదడులో ఒక మచ్చ ఉంది. నడకలో తూకం చూసుకునేది ఆ భాగమే, మద్యం ముందుగా మందగింపజేసే భాగాల్లో అదీ ఒకటి. అంటే కూర్చున్నంతసేపు కల్లు నా నేస్తం, కుర్చీలోంచి లేచిన క్షణం నుంచి కాదు. పందిరి నుంచి కట్ట మీదికి ఎక్కడానికి మామయ్య కొడుకు చేయి పట్టుకోవలసి వచ్చేది. తాగని రోజుల్లో కర్ర చాలు.

రాత్రి సంగతి మరీ కష్టం. మద్యం మూత్రాన్ని పెంచుతుంది, నా జబ్బులో వచ్చిన మూత్రం ఆగదు. మామూలు రాత్రి ఒకసారి లేచేదాన్ని కల్లు తాగిన రాత్రి మూడుసార్లు లేచాను. మంచం నుంచి స్నానాల గది దాకా పదకొండు అడుగులు. చీకట్లో, తూలే కాళ్లతో, తొందరలో పదకొండు అడుగులంటే ఏమిటో పుస్తకంలో “తూలానా” అన్న వరుస చూస్తే తెలుస్తుంది. పక్క తడిసిన రెండు రాత్రులు కూడా అందులో ఉన్నాయి. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నన్ను అడిగిన ఆమెకు ఇది తెలియాలి. అందుకే రాశాను.

ఏప్రిల్ వచ్చింది. వరంగల్ ఎండ సంగతి కొత్తగా చెప్పక్కరలేదు. మేలో నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు. ఈ జబ్బున్నవాళ్లకు ఎండ అంటే చెమటతో పోయేది కాదు. ఒంటి వేడి కొద్దిగా పెరిగినా పొర పోయిన నరాల్లో కబురు నడవదు. 1890లో ఉట్‌హాఫ్ అనే జర్మనీ కంటి వైద్యుడు దీన్ని మొదట గుర్తించాడు. ఆయన రోగులు వ్యాయామం చేసి వేడెక్కితే వాళ్లకు చూపు మసకబారేది, చల్లబడితే తిరిగి వచ్చేది. నాకూ అచ్చంగా అంతే. మధ్యాహ్నం బడి నుంచి ఇంటికి వచ్చేసరికి కుడికన్ను మసక, కాళ్లు సీసం. ఆ రోజుల్లో మా వారు ఫ్రిజ్‌లో పెట్టిన బీరు ఒక గ్లాసు ఇచ్చేవారు. పావుగంటలో కన్ను తేటపడేది, కాళ్లు తేలికయ్యేవి. కల్లు కూడా చేయని పని అది. పుస్తకంలో పదికి ఎనిమిది మార్కులు వేసుకున్నాను.

అప్పుడే ఒక అనుమానం వచ్చింది. ఇది బీరు గుణమా, చల్లదనం గుణమా? ఒక రోజు ఫ్రిజ్‌లో పెట్టని బీరు తాగాను. కన్ను తేటపడలేదు, కాళ్లు మరింత బరువెక్కాయి. మరో రోజు అదే వేళకు బీరు మాని, ఐసు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి, చన్నీళ్ల బకెట్లో మోకాళ్ల దాకా కాళ్లు పెట్టి, తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లో కన్ను తేటపడింది, లేచి కర్ర లేకుండా వంటింటి దాకా నడిచాను. తూలలేదు. రాత్రి ఒక్కసారే లేచాను. ఆరు రోజులు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూశాను. ప్రతిసారీ అదే ఫలితం. బీరుకు వేసిన ఎనిమిది మార్కులు కొట్టేసి ఫ్రిజ్‌కు వేశాను. తొలిసారి దసరా నాడు అరుగు మీద దొరికిన సుఖంలో కూడా చన్నీళ్ల లొట్టికి, కాళ్లు చాపుకున్న గంటకు ఎంత వాటా ఉందో ఆ తర్వాతే ఆలోచించాను. ఈ ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నదాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. ఒక బకెట్టు, ఒక తువ్వాలు చాలు.

బ్రాందీ గురించి. జనవరి చలిలో కల్లు వద్దనిపించి మా వారు వైన్ షాపు నుంచి ఒక చిన్న సీసా తెచ్చారు. గోరువెచ్చటి నీళ్లలో 60 మిల్లీలీటర్లు. నిద్ర ఇట్టే పట్టేది. రెండు గంటలకు మెలకువ వచ్చేది, పిక్కలు అప్పుడు పట్టేవి, ఎప్పుడూ లేనంత గట్టిగా. ఇక తెల్లవారేదాకా నిద్ర లేదు. మద్యం తొలి సగం నిద్రను ముందుకు లాగి, రెండో సగాన్ని ముక్కలు చేస్తుందని తర్వాత చదివాను. మూడో రాత్రి తొమ్మిదింటికి బాక్లోఫెన్ వేసుకున్నాను, తొమ్మిదిన్నరకు బ్రాందీ తాగాను. అర్ధరాత్రి దాటాక లేచాను. ఏడో అడుగులో పడ్డాను. కనుబొమ్మ తలుపు చట్రానికి తగిలింది. మా వారు వచ్చి పిలిస్తే నాకు వినిపిస్తోంది గాని నాలుక తిరగలేదట. ఊపిరి ఎంత నెమ్మదిగా ఉందంటే ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారట. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

నేను చూపించుకునే నరాల డాక్టరుకు అంతా చెప్పాను. మెదడులో నరాలను శాంతింపజేసే గాబా అనే రసాయనం ఉంటుందనీ, మద్యమూ బాక్లోఫెనూ వేర్వేరు తలుపుల నుంచి అదే పని చేస్తాయనీ, రెండూ కలిస్తే శాంతింపు మత్తుగా మారి ఊపిరిని కూడా నెమ్మదింపజేస్తుందనీ ఆయన వివరించారు. నాకు బాగా అర్థమైంది. అర్థమై కూడా మరో తప్పు చేశాను. తాగదలచిన రోజు బాక్లోఫెన్ మానేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఒక శనివారం మూడు మాత్రలూ మానేసి మండువాకు వెళ్లాను. ఆదివారం ఉదయం మంచం మీద నుంచి లేవలేకపోయాను. రెండు కాళ్లూ కర్రల్లా బిగుసుకుని ఒకదాని మీద ఒకటి పెనవేసుకుపోయాయి. అత్తమ్మ, మామయ్య చెరొక కాలు పట్టుకుని విడదీయవలసి వచ్చింది. బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపకూడదట. బిగుతు రెట్టింపై తిరిగి రావడమే కాదు, కొందరికి మూర్ఛలు, భ్రమలు కూడా వస్తాయట. ఆ మాత్ర వేసుకునేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే నా మాట వినండి. తాగడం కోసం మాత్ర మానకండి, మాత్ర మీద తాగకండి. ఆ రెంటికీ మధ్య నాకైతే ఖాళీ దొరకలేదు.

ఇప్పుడు రాయడానికి భయపడుతున్న భాగం.

ఫిబ్రవరిలో ఒక పెళ్లికి వెళ్లి వస్తూ దారిపక్క కల్లు దుకాణం దగ్గర కారు ఆపించాను. ఊరి పేరు రాయను. సీసాల్లో పోసి అమ్ముతున్నారు. కాళ్లు ఆ రోజు ఎనిమిది మీద ఉన్నాయి. సీసాలో సగం తాగాను. ఇరవై నిమిషాల్లో బిగుతు ఒకటికి పడిపోయింది. అవును, ఒకటి. మామయ్య కల్లు, బీరు, బ్రాందీ, బాక్లోఫెన్ ఏదీ ఎన్నడూ ఇవ్వని అంకె. పిక్కలు దూదిలా ఉన్నాయి. కారులోనే నిద్రపోయాను. ఇంట్లోకి ఎలా వచ్చానో తెలియదు. మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు, నాలుక అట్టలా ఎండిపోయింది. రెండు రోజులు ఏదో వెలితి, చిరాకు. మళ్లీ అక్కడికే వెళ్దామని మనసు లాగింది. ఆ లాగుడు చూసి నాకు భయం వేసింది.

మిగిలిన సగం సీసా మామయ్య దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. తన కల్లు ఒక గ్లాసులో, అది ఒక గ్లాసులో పోసి అరుగు మీద పెట్టాడు. సాయంత్రానికి మామయ్య కల్లు పులిసి ముక్కుకు తగులుతోంది, చుట్టూ ఈగలు. రెండోది ఎలా పోశామో అలాగే ఉంది, అదే తీపి, మింగాక కూడా నాలుకను వదలని తీపి. “బిడ్డా, ఇది చెట్టు దిగింది కాదు” అన్నాడు. ఆ రోజు ఆయన కోపం నేను మరిచిపోను. అరవై ఏళ్లు దాటిన మనిషి, మోకు మీద ప్రాణం పెట్టుకుని ముప్పై అడుగులు ఎక్కి దించేదానికీ, పొడి కలిపిన నీళ్లకూ జనం ఒకే పేరు పెట్టి పిలుస్తున్నారని ఆయన బాధ.

చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ ఉన్న చోట ఆ లోటును క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్‌ప్రాజోలం అనే మత్తు మందులు పూడుస్తాయి. తెలంగాణలో ఇది కొత్త సంగతి కాదు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో అలవాటు పడ్డవాళ్లు మూర్ఛలతో, పిచ్చి మాటలతో ఆస్పత్రులకు వచ్చారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. నా సీసాలో ఉన్నది ఏదో పరీక్ష చేయించలేదు. కానీ డాక్టరు ఒక మాట చెప్పారు. డైజెపామ్‌ను కండరాల బిగుతు తగ్గించడానికి వైద్యులు కూడా వాడతారట, కొలిచి, కొద్దికాలం, కనిపెట్టి ఉంటూ. కాబట్టి నా కాళ్లకు అంత సుఖం దొరకడంలో ఆశ్చర్యం లేదన్నారు. కల్లు తాగితే నరాల జబ్బు తగ్గిందని ఊళ్లలో చెప్పుకునే మాటల వెనుక ఈ పొడి ఎంత ఉందోనని అప్పటి నుంచి నాకు దిగులు. కొలత తెలియని చేతి నుంచి, పేరు తెలియని మందు, సీసాలో వస్తుంది. అది మానేస్తే ఒళ్లు తిరగబడుతుంది. బిగుతు తగ్గడాన్ని మాత్రమే చూసి మార్కులు వేస్తే ఆ దుకాణానికి పదికి తొమ్మిది వేయాలి. నేను సున్నా వేస్తున్నాను.

మార్చిలో లివర్ పరీక్ష వచ్చింది. టెరిఫ్లునొమైడ్ లివర్‌ను దెబ్బతీయగలదు, అందుకే మొదలుపెట్టిన తొలి ఆరు నెలలు నెలకొకసారి, తర్వాత కూడా అప్పుడప్పుడు రక్తం చూస్తారు. ఏఎల్‌టీ అన్న అంకె నలభై లోపు ఉండాల్సింది 96 వచ్చింది. మూడు రెట్లు దాటితే ఆ మాత్ర ఆపేయవలసి వస్తుంది. డాక్టరు కాగితం నా ముందు పెట్టి, “ఇది మాత్ర వల్లనో కల్లు వల్లనో తెలియాలంటే రెంటిలో ఒకటి ఆపి చూడాలి. ఏది ఆపుదామో మీరే చెప్పండి” అన్నారు. తిట్టలేదు, ఉపదేశం చేయలేదు. అంతకుముందు వేరే చోట ఒక వైద్యుడి దగ్గర కల్లు మాట ఎత్తగానే ఆయన ఫైలు మూసి పక్కకు పెట్టేశారు. అలా పెట్టేస్తే రోగి మరోసారి నిజం చెప్పడు. నేను కల్లు ఆపాను. ఆరు వారాలకు 34. మాత్ర నిలిచింది. పైన రాసిన బీరు, దాని పరీక్ష ఆయనకు చెప్పే చేశాను, మే నెలలో ఆ ఆరు రోజుల్లో తాగిందే చివరిది.

ఇంకొక్కటి చెప్పాలి, అది ఒంటికి సంబంధించింది కాదు. నా నడక తాగినవాళ్ల నడకలా ఉంటుంది. హనుమకొండ చౌరస్తాలో బస్సు కోసం నిలబడినప్పుడు “పొద్దున్నే తాగి వచ్చింది చూడు” అన్న మాట చాలాసార్లు విన్నాను. ఒకసారి బస్సు ఎక్కబోతే ఒకాయన దారి ఇవ్వకుండా అదే మాట అన్నాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మా జబ్బు పేరు కూడా ఉంది. వైకల్య గుర్తింపు కార్డు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తీసి చూపించి, “నేను తాగలేదు, ఇది నా జబ్బు” అని గట్టిగా చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ శీతాకాలంలో ఒక సోమవారం ఉదయం అదే మాట మళ్లీ వినిపించింది. ముందురోజు సాయంత్రం మండువాలో మూడు గ్లాసులు తాగి ఉన్నాను. చేయి సంచిలోకి వెళ్లింది, కార్డు దాకా వెళ్లి ఆగిపోయింది. జబ్బు వల్లనే తూలుతున్నానని నాకు తెలుసు, అయినా గొంతు పెగల్లేదు. ఏ మద్యానికీ నేను ఆ మాటను తాకట్టు పెట్టలేను.

ఇప్పుడు నా రోజు ఇలా సాగుతోంది. బాక్లోఫెన్ వేళల్ని డాక్టరు సాయంత్రానికి జరిపారు. పడుకునే ముందు పావుగంట పిక్కలు సాగదీసే వ్యాయామం, తువ్వాలును పాదానికి వేసి ఒంటివైపు లాగడం. ఎండాకాలం బకెట్టు, తడిగుడ్డ. బిగుతు ఐదు దగ్గర ఉంటుంది. నాలుగు కాదు, ఒకటి అసలే కాదు. కానీ ఆ ఐదు రాత్రంతా ఐదుగానే ఉంటుంది, స్నానాల గదికి దారి నాకు తెలిసే ఉంటుంది.

మండువాకు వెళ్లడం మానలేదు. శనివారం మామయ్య ఒక చిన్న లొట్టికి లోపల సున్నం పూసి నాకోసం విడిగా కడతాడు. సున్నం ఉంటే పులియదు, అది నీరా. తియ్యగా, చల్లగా ఉంటుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆ తీపి చూసుకుని తాగాలి. గ్లాసు తాగి, గుడాలు తిని, తాటిచెట్టు మొదలుకు రెండు చేతులూ ఆనించి పిక్కలు సాగదీస్తాను. మీలో ఎవరైనా రాదలచుకుంటే సూర్యుడు పైకి రాకముందే రండి, లొట్టి దించగానే తాగాలి. ఎండెక్కాక వస్తే సున్నం లొట్టి ఉండదు, కల్లే ఉంటుంది.